టీఎస్‌హెచ్ తగ్గితే థైరాయిడ్ తగ్గినట్టు కాదు

రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎదురుగా 0.01 అని ఉంటుంది. పక్కనే కిందికి చూపించే బాణం గుర్తు. మన ఇళ్లలో థైరాయిడ్ అంటే అందరికీ తెలిసింది ఒకటే రకం: ఒళ్లు బరువెక్కడం, నీరసం, పొద్దున్నే పరగడుపున వేసుకునే చిన్న మాత్ర. అందుకని ఆ బాణం చూడగానే ‘థైరాయిడ్ తక్కువైంది’ అని ఇంట్లోవాళ్లే తేల్చేస్తారు. మందుల షాపులో రిపోర్టు చూపిస్తే అక్కడా అదే మాత్ర చేతిలో పెట్టేవాళ్లున్నారు. ఆ అంకె చెప్పేది చాలావరకు దీనికి తలకిందులు. ఒంట్లో థైరాయిడ్ హార్మోను అవసరానికి మించి తిరుగుతోందని దాని అర్థం. దాని మీద మళ్లీ హార్మోను మాత్ర వేస్తే గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం అన్నీ ముదురుతాయి.

టీఎస్‌హెచ్‌ను తయారుచేసేది థైరాయిడ్ కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. థైరాయిడ్‌తో పని చేయించడానికి అది పంపే పురమాయింపు టీఎస్‌హెచ్. ట్యాంకు నిండితే మోటారు కట్టేసినట్టు, రక్తంలో టీ4, టీ3 హార్మోన్లు ఎక్కువైతే పిట్యూటరీ ఆ పురమాయింపు ఆపేస్తుంది. ల్యాబులు మామూలుగా టీఎస్‌హెచ్‌కు 0.4 నుంచి 4 దాకా హద్దులు ఇస్తాయి. 0.1 కంటే కిందికి పోయిందంటే విషయం ఏదో ఉందన్నమాటే. కాకపోతే ఆ విషయం ఏమిటన్నది ఆ ఒక్క అంకె చెప్పలేదు.

అన్నీ ఒకే వైపు చూపిస్తే గొడవ లేదు. టీఎస్‌హెచ్ అడుగంటి, టీ3, టీ4 రెండూ పైకి పోయి, ఆకలి బాగా ఉన్నా మనిషి చిక్కిపోతూ, కూర్చున్నచోటే గుండె నిమిషానికి 110 సార్లు కొట్టుకుంటూ ఉంటే ఏ డాక్టరైనా పోల్చుకుంటాడు. చిక్కంతా అంకెలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు, లేదా అంకెలన్నీ కలిసి ఎదురుగా ఉన్న మనిషితో పొసగనప్పుడు. అలాంటప్పుడు మందు కంటే ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

చేయవలసినవి

జుట్టు మాత్రల సంగతి ముందే చెప్పండి. జుట్టు రాలుతోందని, గోళ్లు విరుగుతున్నాయని ఇప్పుడు ప్రతి రెండో ఇంట్లో బయోటిన్ మాత్రలో, గమ్మీలో వాడుతున్నారు. అది మందు కాదు, విటమినే కదా అని ఎవరూ డాక్టరుకు చెప్పరు. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన బయోటిన్ 30 మైక్రోగ్రాములు. డబ్బా వెనక్కి తిప్పి చూస్తే చాలా వాటిలో 5 మిల్లీగ్రాములో, 10 మిల్లీగ్రాములో ఉంటుంది. పది మిల్లీగ్రాములంటే అవసరానికి మూడు వందల రెట్లకు పైగా. అంత బయోటిన్ ఒంటికి చేసే కీడు ఏమీ కనిపించదు, రిపోర్టును మాత్రం పాడుచేస్తుంది.

ఎలాగంటే, చాలా ల్యాబు యంత్రాల్లో హార్మోనును పట్టుకునే పద్ధతి బయోటిన్ మీదే నడుస్తుంది. స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీనుకు బయోటిన్ గట్టిగా అతుక్కుంటుంది. ఆ అతుకునే కిట్లలో కొక్కెంలా వాడుకుంటారు. రక్తంలో మాత్ర తాలూకు బయోటిన్ గుట్టగా ఉంటే ఆ కొక్కేలన్నీ దానితోనే నిండిపోతాయి. దాంతో టీఎస్‌హెచ్ పరీక్ష ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 పరీక్షలు వేరే పద్ధతిలో లెక్కగడతాయి కాబట్టి అవి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బును నిర్ధారించే యాంటీబాడీ పరీక్ష కూడా కొన్ని కిట్లలో దొంగ పాజిటివ్ రావచ్చు. అంటే ఏ జబ్బూ లేని మనిషికి అచ్చం పుస్తకంలో రాసినట్టుండే హైపర్‌థైరాయిడ్ (థైరాయిడ్ ఎక్కువ) రిపోర్టు వస్తుంది. బయోటిన్ వల్ల ల్యాబు ఫలితాలు తారుమారు అవుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. కొన్ని కంపెనీలు ఆ తర్వాత కిట్లు మార్చాయి. మీ ల్యాబులో ఏ కిట్టు ఉందో మీకు తెలిసే దారి లేదు కాబట్టి, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపేయండి. వైద్యం కోసం రోజుకు వందల మిల్లీగ్రాములు వాడేవాళ్లు కొందరుంటారు, వాళ్లకు రెండు రోజులు చాలవు. ఎన్నాళ్లన్నది డాక్టరు చెప్పాలి. మల్టీవిటమిన్ మాత్రల్లో కూడా బయోటిన్ ఉంటుంది, అట్ట మీద చదవండి.

వాడే మందులన్నీ, ఈమధ్య చేయించుకున్న స్కానులన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. గుండె లయ తప్పినవాళ్లకు ఇచ్చే అమియోడరోన్ 200 మిల్లీగ్రాముల మాత్రలో దాదాపు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములే. ఆ మందు థైరాయిడ్‌ను ఎటైనా తోసేయగలదు, ఆపేసిన నెలల తర్వాత కూడా. సీటీ స్కానుకు ముందు నరంలోకి ఎక్కించే కాంట్రాస్టు మందులో కూడా అయోడినే. స్టెరాయిడ్లు టీఎస్‌హెచ్‌ను తగ్గిస్తాయి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, అలాగే గర్భం కూడా, రక్తంలో హార్మోనును మోసుకెళ్లే ప్రొటీనును పెంచుతాయి. దాంతో మొత్తం టీ4, మొత్తం టీ3 ఎక్కువగా కనిపిస్తాయి, కానీ ఒంటికి పనికొచ్చే ఫ్రీ హార్మోను సరిగ్గానే ఉంటుంది, టీఎస్‌హెచ్ కూడా, గర్భం తొలినాళ్లలో తప్ప, దాని మానాన అది బాగానే ఉంటుంది. మన దగ్గర థైరాయిడ్ ప్రొఫైల్ అని రాయిస్తే చాలా ల్యాబులు మొత్తం టీ3, మొత్తం టీ4, టీఎస్‌హెచ్ చేస్తాయి. ఫ్రీ పరీక్షలు విడిగా అడగాలి. అనుమానం ఉన్నచోట అవే అడగండి.

ఇప్పటికే థైరాయిడ్ తక్కువని మాత్ర వాడుతున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు టీఎస్‌హెచ్ 0.05 వచ్చిందంటే ముందుగా అనుమానించవలసింది కొత్త జబ్బును కాదు, మోతాదును. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ లాంటివి 25, 50, 75, 100 అని రకరకాల బలాల్లో వస్తాయి. షాపతను అయిపోయిన 50 బదులు 100 ఇచ్చాడేమో, మీరు రెండు పూటలా వేసుకుంటున్నారేమో డబ్బా తీసి చూడండి. పరీక్ష రోజున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. వేసుకుని వెళితే ఫ్రీ టీ4 కొన్ని గంటలపాటు కాస్త పైకి లేచి కనిపిస్తుంది.

యూనిట్లు చూడండి. టీ3 ఒక ల్యాబులో 1.2, ఇంకో ల్యాబులో 120 వస్తే వంద రెట్లు పెరిగినట్టు కాదు. మొదటిది మిల్లీలీటరుకు నానోగ్రాములు, రెండోది డెసిలీటరుకు. రెండూ ఒకటే. విదేశాల్లో పిల్లలున్న ఇళ్లలో ఈ కంగారు మరీ ఎక్కువ. లండన్‌లో ఉన్న కూతురు వాట్సాప్‌లో పంపిన రిపోర్టులో ఫ్రీ టీ4 17 అని ఉంటే, తన రిపోర్టులో పై హద్దు 1.8 అని గుర్తున్న గుంటూరు తల్లికి కాళ్లూ చేతులూ ఆడవు. బ్రిటన్‌లో పికోమోల్స్‌లో రాస్తారు, మనం డెసిలీటరుకు నానోగ్రాముల్లో రాస్తాం. అక్కడి 17 ఇక్కడి 1.3కు సమానం, నిక్షేపంగా ఉన్నట్టే. టీఎస్‌హెచ్‌కు మాత్రం లీటరుకు మిల్లీయూనిట్లు అన్నా, మిల్లీలీటరుకు మైక్రోయూనిట్లు అన్నా అంకె మారదు. వీలైనంతవరకు ఒకే ల్యాబులో, ఒకే వేళకు ఇవ్వండి. టీఎస్‌హెచ్ రాత్రి పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది, ఆపాటి తేడాను జబ్బు ముదరడం అనుకోకూడదు.

రిపోర్టుతో పాటు మనిషిని కూడా కొలవండి. పొద్దున లేవగానే, కాఫీ తాగకముందు, మణికట్టు దగ్గర నాడి పూర్తి నిమిషంపాటు లెక్కపెట్టి రాసుకోండి. ఎన్నిసార్లన్నదే కాదు, సమంగా కొట్టుకుంటోందా, మధ్యమధ్యలో తప్పుతోందా అన్నది కూడా చూడండి. రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్లు విప్పి, వేళ్ల మీద ఒక పల్చటి కాగితం పెట్టించుకోండి. కంటికి ఆనని సన్నటి వణుకు కూడా కాగితం అంచు మీద తెలిసిపోతుంది. వారానికోసారి ఒకే తూకం మీద బరువు చూసుకోండి. ఫ్యాను కింద కూడా చెమట పట్టడం, విరేచనం రోజుకు మూడు నాలుగుసార్లు కావడం, నెలసరి తక్కువ కావడం, మెట్లెక్కుతుంటే తొడలు పట్టు తప్పడం, ఇవన్నీ డాక్టరుకు అంకెలంత పనికొస్తాయి. అరవై అయిదు దాటినవాళ్లలో ఈ హంగామా ఏదీ ఉండకపోవచ్చు. వాళ్లు ఊరికే డల్‌గా, తిండి సహించక, చిక్కిపోతూ ఉంటారు. గుండె లయ తప్పిందని తెలిశాకే థైరాయిడ్ బయటపడుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. హార్మోను ఎంత పెరిగిందన్నది తెలిశాక ‘ఎందుకు పెరిగింది?’ అని డాక్టరును అడగండి. అడగడానికి మొహమాటపడకండి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేకుండా రాసే మందు, నా ఉద్దేశంలో, ఊహ మీద రాసిన మందే.

హార్మోను రెండు రకాలుగా పెరుగుతుంది. గ్రంథి అతిగా తయారుచేయడం ఒకటి. గ్రంథి దెబ్బతిని, లోపల దాచుకున్న హార్మోను బయటికి కారిపోవడం రెండోది. థైరాయిడ్ ఒకటి రెండు రోజుల సరుకు కాదు, రెండు మూడు నెలలకు సరిపడా హార్మోనును తనలో నిల్వ ఉంచుకుంటుంది. అది కారితే రక్తంలో టీ4, టీ3 అచ్చం మొదటి రకంలోలాగే పెరుగుతాయి, టీఎస్‌హెచ్ అలాగే అడుగంటుతుంది. కాగితం మీద రెండూ కవలపిల్లలే. వైద్యం మాత్రం పూర్తిగా వేరు.

అతిగా తయారుచేసే రకంలో ముఖ్యమైనది గ్రేవ్స్ జబ్బు. 1835లో దీన్ని వర్ణించిన డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ పేరే దీనికి నిలిచింది. ఒంట్లో పుట్టే ఒకరకం యాంటీబాడీలు టీఎస్‌హెచ్ వేషం వేసుకుని గ్రంథిని తరుముతుంటాయి. కళ్లు పెద్దవై ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉండడం దీని ఆనవాలు, అయితే అందరికీ ఉండదు. గ్రంథిలో గడ్డలు ఏర్పడి, వాటంతట అవి హార్మోను చేయడం ఇంకో రకం. ఇది పెద్ద వయసువాళ్లలో ఎక్కువ.

కారిపోయే రకానికి మన చుట్టూ కనిపించే ఉదాహరణలు రెండు. వైరల్ జ్వరం తగ్గాక మెడ ముందు భాగం నొప్పి, ముట్టుకుంటే సలుపు, ఆ సలుపు దవడకూ చెవికీ పాకడం, ఈఎస్ఆర్ బాగా పెరగడం ఒకటి. ప్రసవం తర్వాత ఏడాదిలోపు వచ్చేది రెండోది. ఇందులో నొప్పి ఉండదు. బాలింత చిక్కిపోతుంటే, గుండె దడదడలాడుతుంటే, నిద్ర పట్టకపోతే చంటిబిడ్డతో రాత్రిళ్లు మేలుకోవడం వల్లే అనుకుని ఊరుకుంటారు. కొన్ని వారాలకు నిల్వ ఖాళీ అయి, థైరాయిడ్ తక్కువ దశలోకి జారుతుంది. ఈసారి ఒళ్లు లావవుతుంది, మలబద్ధకం, దిగులు. ఆ తర్వాత చాలామందికి దానంతట అదే సర్దుకుంటుంది. జనవరిలో ఎక్కువ, ఏప్రిల్‌లో తక్కువ, ఆగస్టులో మామూలు అని మూడు రిపోర్టులు చూసి ల్యాబును తిట్టుకునేవాళ్లున్నారు. ల్యాబు తప్పేమీ లేదు, ఈ జబ్బు నడకే అంత.

రెండిటినీ విడదీసే పరీక్షలు ఉన్నాయి. గ్రేవ్స్ యాంటీబాడీ కోసం టీఆర్ఏబీ అనే రక్తపరీక్ష. గ్రంథి హార్మోను ముడిసరుకును లాక్కుంటోందా లేదా చూడడానికి టెక్నీషియం స్కాను. గ్రేవ్స్‌లో గ్రంథి మొత్తం వెలిగిపోతుంది, కారిపోయే రకంలో దాదాపు ఏమీ కనిపించదు. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్నచోట, హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట్ల, చేస్తారు. గర్భిణులకు ఈ స్కాను చేయరు. పాలిచ్చే తల్లయితే ముందే చెప్పాలి, కొంతసేపు పాలు ఆపవలసి వస్తుంది. స్కాను అందుబాటులో లేనిచోట మొత్తం టీ3, మొత్తం టీ4ల నిష్పత్తి కూడా కొంత ఆచూకీ ఇస్తుంది. టీ3ని డెసిలీటరుకు నానోగ్రాముల్లో, టీ4ను మైక్రోగ్రాముల్లో తీసుకుని భాగించినప్పుడు 20 దాటితే గ్రేవ్స్ వైపు మొగ్గు. ఇది మీరు ఇంట్లో తేల్చుకునే లెక్క కాదు. డాక్టరు రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఎందుకు చూస్తున్నాడో తెలియడానికి చెప్పాను.

చేయకూడనివి

ఒక్క రిపోర్టు చూసి కార్బిమజోల్ మొదలుపెట్టకండి. నియోమెర్కజోల్ పేరుతో మనకు బాగా తెలిసిన ఈ మందు గ్రంథిని కొత్త హార్మోను చేయనివ్వకుండా అడ్డుకుంటుంది. కారిపోయే రకంలో గ్రంథి కొత్తగా చేస్తున్నదేమీ లేదు, మందు అడ్డుకోవడానికి అక్కడ పనే లేదు. దుష్ఫలితాలు మాత్రం మిగులుతాయి. ఆ రకానికి దడ తగ్గించే ప్రొప్రనలాల్ లాంటి మందు, మెడ నొప్పి ఉంటే దానికి మందు, కొన్ని వారాల ఓపిక చాలావరకు సరిపోతాయి. ప్రొప్రనలాల్ కూడా పక్కింటివాళ్లు వాడారని వేసుకోకండి, ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ఊపిరి ఆడనివ్వదు.

టీఎస్‌హెచ్ కాస్త తగ్గి, అంటే 0.1కీ 0.4కీ మధ్య ఉండి, ఫ్రీ టీ4, టీ3 రెండూ హద్దులోనే ఉంటే చాలామందికి వెంటనే మందు అక్కర్లేదు. రెండు మూడు నెలలాగి మళ్లీ చేయిస్తే అదే సర్దుకోవడం మామూలే. 0.1 కంటే తక్కువగా నిలిచిపోయి, వయసు అరవై అయిదు దాటినా, గుండె జబ్బో ఎముకలు గుల్లబారడమో ఉన్నా వైద్యం మొదలుపెట్టే వైపే డాక్టర్లు మొగ్గుతారు. టీ4 సరిగ్గా ఉంది కదా అని టీ3 చూడకుండా వదిలేయడం కూడా పొరపాటే. కొందరికి మొదట టీ3 ఒక్కటే పెరుగుతుంది.

టీ4 ఎక్కువగా ఉన్నా టీఎస్‌హెచ్ మాత్రం తగ్గకుండా మామూలుగానో ఎక్కువగానో ఉంటే అసలే తొందరపడకండి. అది మామూలు హైపర్‌థైరాయిడ్ నడక కాదు. కిట్టును తప్పుదారి పట్టించే యాంటీబాడీలు రక్తంలో ఉండొచ్చు, అరుదుగా పిట్యూటరీలో గడ్డ ఉండొచ్చు, హార్మోనుకు ఒళ్లు స్పందించని వంశపారంపర్య లోపం ఉండొచ్చు. అదే నమూనాను వేరే కంపెనీ యంత్రం మీద మళ్లీ చేయించడం మొదటి మెట్టు. ఇలాంటి రిపోర్టు ఎండోక్రినాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు చూడవలసింది.

న్యుమోనియాతోనో, పెద్ద ఆపరేషనుతోనో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ప్యాకేజీలో భాగంగా చేసిన థైరాయిడ్ పరీక్షను పట్టుకుని కంగారుపడకండి. ఏ జబ్బయినా గట్టిగా చేస్తే టీఎస్‌హెచ్ తగ్గుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వల్ల ఫ్రీ టీ4 ఎక్కువగా కనిపించవచ్చు. ఇంటికొచ్చి కోలుకున్నాక మళ్లీ చేయిస్తే నిజం తెలుస్తుంది. గుండె లయ తప్పడం లాంటి గట్టి కారణం ఉంటే అది వేరే మాట.

మందు మొదలుపెట్టాక టీఎస్‌హెచ్ పెరగలేదని మోతాదు పెంచుకోకండి. ఇది చాలామంది పడే గుంట. కార్బిమజోల్ కొత్త ఉత్పత్తిని ఆపుతుంది, పాత నిల్వ అయ్యేదాకా గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పుడు కూడా ముందు టీ4, టీ3 దిగుతాయి. నెలల తరబడి నోరు కట్టేసుకున్న పిట్యూటరీ తేరుకోవడానికి ఇంకా ఆలస్యం అవుతుంది. టీఎస్‌హెచ్ వారాలు కాదు, ఒక్కోసారి నెలలపాటు 0.01 దగ్గరే కూర్చుంటుంది. ఫ్రీ టీ4 హద్దు అడుగుకు జారిపోయినా ‘టీఎస్‌హెచ్ ఇంకా తక్కువే’ అని మందు పెంచితే మనిషి థైరాయిడ్ తక్కువ జబ్బులోకి పోతాడు. మొదట్లో నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చేసే పరీక్షలో చూడవలసినవి ఫ్రీ టీ4, టీ3. కొందరు డాక్టర్లు కార్బిమజోల్‌తో పాటు థైరాక్సిన్ కూడా రాస్తారు. ఆపడానికొకటి, నింపడానికొకటి ఏమిటని చీటీ చూసి బెంబేలెత్తకండి. అదొక పద్ధతి, కావాలనే అలా ఇస్తారు.

ఒకే ఇంట్లో తల్లికి థైరాయిడ్ తక్కువ, కూతురికి ఎక్కువ ఉంటే రెండు మందులూ ఒకే పెట్టెలో పెట్టకండి. రెండూ ‘థైరాయిడ్ మాత్రలే’, ఒకటి రెండోదానికి బద్ధవిరోధి.

కార్బిమజోల్ వాడుతూ జ్వరం, గొంతునొప్పి వస్తే డోలో వేసుకుని పడుకోకండి. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. వెయ్యి మందిలో ఇద్దరి నుంచి ఐదుగురికి ఈ మందు వల్ల రక్తంలో సూక్ష్మక్రిములతో పోరాడే తెల్లకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. ఎక్కువగా మొదటి మూడు నెలల్లో. ఆ తర్వాత రాదని మాత్రం లేదు. జ్వరం, గొంతులో మంట, నోట్లో పుండ్లు దాని తొలి గుర్తులు. వానాకాలంలో ఇంటింటా వైరల్ జ్వరాలు, డెంగీ ఉన్నప్పుడు ఇదీ అదేననుకుని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని రెండు మూడు రోజులు చూసేవాళ్లే ఎక్కువ. ఇక్కడ ఆ రెండు రోజులు ప్రాణం మీదికి తెస్తాయి. ఆ పూటే కార్బిమజోల్ ఆపి, ఆ రోజే సీబీపీ, అంటే రక్తకణాల పరీక్ష చేయించాలి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను విడిగా లెక్కపెట్టమని ల్యాబులో చెప్పాలి. కణాలు బాగానే ఉంటే డాక్టరు చెప్పాక మాత్ర మళ్లీ మొదలుపెట్టవచ్చు. పడిపోతే ఆసుపత్రిలో చేరాలి, ఆ మందు ఇక జీవితంలో ముట్టకూడదు. నెలనెలా సీబీపీ బాగుంది కాబట్టి నాకు రాదనుకోకండి, కణాలు రోజుల్లో పడిపోగలవు. కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురుగా రావడం, ఒళ్లంతా దురద కూడా ఆలస్యం లేకుండా చెప్పవలసినవే. కాలేయం మీద పడిందేమో చూడాలి.

పొద్దున్నే కాళ్లు కదలక లేవలేకపోయిన కుర్రాడికి గ్లూకోజ్ సీసా పెట్టించకండి. థైరాయిడ్ ఎక్కువైన ఆసియా మగవాళ్లలో, ముఖ్యంగా ఇరవై నుంచి నలభై ఏళ్లలోపువాళ్లలో, వచ్చే వింత చిక్కు ఇది. రాత్రి పెళ్లి భోజనంలో బిర్యానీ, స్వీట్లు దండిగా తింటాడు, లేదా పగలంతా ఒళ్లు హూనమయ్యేలా పని చేస్తాడు. తెల్లవారేసరికి తొడలు లేవవు. స్పృహ ఉంటుంది, మాట స్పష్టంగా ఉంటుంది. రక్తంలో పొటాషియం కండరాల లోపలికి దూరిపోవడం దీనికి కారణం. గ్లూకోజ్ ఎక్కిస్తే ఇన్సులిన్ పెరిగి మిగిలిన పొటాషియం కూడా లోపలికే పోతుంది, గుండె లయ తప్పే ప్రమాదం వస్తుంది. పక్షవాతమనుకుని పసరు మందులకు తీసుకెళ్లడం మరీ దారుణం. 108కి ఫోన్ చేసి, ఈసీజీ, పొటాషియం పరీక్ష ఉన్న ఆసుపత్రికి చేర్చండి. అంతకుముందు బరువు తగ్గడం, వణుకు ఉన్నాయేమో అక్కడి డాక్టరుకు చెప్పండి. చాలామందిలో థైరాయిడ్ సంగతి మొదటిసారి బయటపడేది ఇలాగే.

మందు ఉన్నపళంగా మానేయకండి. దడ తగ్గింది, బరువు పెరుగుతోంది కాబట్టి ఇక చాలనుకోవడం సహజం. ముఖ్యంగా బరువు పెరగడం నచ్చనివాళ్లు మందు దాటవేస్తారు. మందు మానేశాక ఏదైనా ఇన్ఫెక్షను తోడైతే తీవ్ర జ్వరం, విపరీతమైన గుండె వేగం, వాంతులు, విరేచనాలు, మతి తప్పి మాట్లాడడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. డాక్టర్లు థైరాయిడ్ స్టార్మ్ అంటారు. అది ఐసీయూలో తేలవలసిన విషయం. పన్ను పీకించుకునేటప్పుడు కూడా థైరాయిడ్ ఎక్కువ ఉందని ముందే చెప్పండి. సీటీ స్కానుకు కాంట్రాస్టు ఇస్తామంటే అక్కడా చెప్పండి.

అయోడిన్ ఉప్పు మానేసి రాళ్ల ఉప్పుకు మారకండి. మన దేశంలో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం 1962లో మొదలైంది. ఇప్పుడు ఇంటికి చేరే ఉప్పులో కనీసం పది లక్షల్లో 15 వంతులు అయోడిన్ ఉండాలన్నది నియమం. కూరలో వేసుకునే ఆపాటి ఉప్పు వల్ల గ్రేవ్స్ రాదు, మానినందువల్ల పోదు; పైగా ఇంట్లో గర్భిణికీ పిల్లలకూ అది కావాలి. మానవలసినవి సముద్రపు నాచుతో చేసిన కెల్ప్ మాత్రలు, ‘థైరాయిడ్ సపోర్ట్’ పొడులు, ఏముందో రాయని సన్నబడే మందులు. కొన్ని సన్నబడే మందుల్లో థైరాయిడ్ హార్మోనునే కలిపి అమ్మిన ఉదంతాలున్నాయి. క్యాబేజీ రసం తాగితే తగ్గుతుందని చెప్పేవాళ్లకు దండం పెట్టి ఊరుకోవచ్చు.

కార్బిమజోల్ వాడుతున్న పెళ్లయిన ఆడవాళ్లు డాక్టరుకు చెప్పకుండా గర్భం ప్లాన్ చేసుకోకండి. గర్భం ఆరో వారం నుంచి పదో వారం దాకా కార్బిమజోల్ బిడ్డ అవయవాల మీద ప్రభావం చూపగలదు. ఆ మొదటి మూడు నెలలూ అవసరమైతే పీటీయూ అనే వేరే మందుకు మారుస్తారు. నెల తప్పిందని అనుమానం రాగానే పరీక్ష చేసుకుని అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. భయపడి మీ అంతట మీరు ఆపేసి ఊరుకోకండి, అదుపులో లేని థైరాయిడ్ కూడా తల్లికీ బిడ్డకూ ప్రమాదమే. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఏ జబ్బూ లేకున్నా గర్భం తొలినాళ్లలో హెచ్‌సీజీ హార్మోను థైరాయిడ్‌ను కొద్దిగా ఉసిగొల్పుతుంది, టీఎస్‌హెచ్ తగ్గుతుంది. వాంతులు విపరీతంగా ఉన్నవాళ్లలో, కవలలున్నవాళ్లలో మరింత తగ్గుతుంది. నెలలు గడిచేకొద్దీ అదే సర్దుకుంటుంది. అందుకే మామూలు హద్దులతో గర్భిణి రిపోర్టు చదవకూడదు. పాలిచ్చే తల్లులు తక్కువ మోతాదులో మందు వాడుతూనే పాలివ్వవచ్చు. మందో పాలో ఒకటి మానేయమని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే, ఆ మాట డాక్టరు నోట చెప్పించండి.

గ్రేవ్స్ ఉన్నవాళ్లు సిగరెట్, బీడీ, చుట్ట ముట్టకండి. కంటి జబ్బు ముదరడానికి పొగకు మించిన కారణం లేదు. ఇంట్లో ఇంకొకరు వదిలే పొగ కూడా వద్దు. కళ్లు మంటగా ఉంటే నల్ల కళ్లద్దాలు, తలగడ ఎత్తుగా పెట్టుకోవడం, డాక్టరు రాసిన కంటి చుక్కలు ఉపశమనం ఇస్తాయి. ఒకటి రెండుగా కనిపించినా, రంగులు వెలిసిపోయినట్టు అనిపించినా, చూపు మసకబారినా అది చుక్కలతో ఆగే దశ కాదు, అదే రోజు కంటి డాక్టరును కలవండి.

రేడియో అయోడిన్ పేరు వింటే క్యాన్సర్ మందని పారిపోకండి. బోస్టన్‌లో డాక్టర్ సాల్ హెర్ట్జ్ 1941లో మొదటిసారి హైపర్‌థైరాయిడ్‌కు రేడియోధార్మిక అయోడిన్ వాడారు. అప్పటి నుంచీ దేశదేశాల్లో వాడుతున్నారు. ఇప్పుడిచ్చే అయోడిన్-131ను గుళికగానో ద్రవంగానో మింగుతారు. ఎనిమిది రోజులకోసారి దాని బలం సగమవుతుంది. ఆ మొదటి కొద్ది రోజులు పసిపిల్లల్ని ఎత్తుకోకండి, గర్భిణుల దగ్గర పడుకోకండి. కనీసం ఆరు నెలలు గర్భం వద్దు. కంటి జబ్బు చురుగ్గా ఉంటే ముందే చెప్పాలి, ఈ వైద్యం దాన్ని పెంచవచ్చు. తర్వాత చాలామందికి థైరాయిడ్ తక్కువై జీవితాంతం చిన్న మాత్ర వేసుకోవలసి వస్తుంది. అది వైద్యం వికటించడం కాదు, దానికి సిద్ధపడే ఇస్తారు. అమెరికాకో దుబాయ్‌కో ప్రయాణం ఉంటే ఆసుపత్రి నుంచి ఉత్తరం రాయించుకుని దగ్గర పెట్టుకోండి. విమానాశ్రయాల్లో రేడియేషన్ పసిగట్టే యంత్రాలు డోసు తీసుకున్న వారాల తర్వాత కూడా మోగుతాయి.

మాత్రలతోనే నెట్టుకొస్తున్న గ్రేవ్స్ రోగులకు మామూలుగా ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా మందు ఇచ్చి, టీఆర్ఏబీ ఇంకా ఎక్కువగా ఉందేమో చూసి, ఆ తర్వాతే ఆపుతారు. ఆపినవాళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ వస్తుంది, ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. అందుకని మందు ఆపిన రోజున ఫైలు అటక మీద పడేయకండి. మొదటి ఆరు నెలలూ ఒకటి రెండు నెలలకోసారి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు పరీక్ష చేయించండి. గడువు ఇంకా ఉన్నా పొద్దుటి నాడి మళ్లీ వంద దాటుతోందంటే ముందే వెళ్లండి. పరీక్షకు ముందు బయోటిన్ మానడం మాత్రం అప్పుడూ తప్పదు.